మూడు వందల ఒకటి

యార్న్‌కుల్లెలో ఇళ్ళు లారీలెక్కి పోతున్నాయి.
కింద గని ఇనుము తింటూ వచ్చింది,
పైన నేల గుల్లబారింది.
పసుపుపచ్చ చెక్క ఇల్లొకటి
కిటికీ తెరలతో సహా
మా మునిసిపల్ ఆఫీసు ముందునుంచి
నత్తలా కదిలి వెళుతుంటే
నేను పట్టికలో
ఆరు వందల పన్నెండో వరుస నింపుతున్నాను.

ఎడమ గడిలో పాత చిరునామా.
కుడి గడిలో కొత్తది.
మధ్యన ఒక అంకె, మూడు వందల ఒకటి.
అంటే, మకాం ఎత్తేశాం, ఇకమీదట అక్కడికే రండి.
మూడు వందల రెండు వేరు.
గోడలకు సున్నం వేయిస్తున్నాం,
పదిరోజుల్లో వచ్చేస్తాం అని.
గని కంపెనీ వాళ్ళు మొదటి ఐదేళ్ళూ
మాకు ఈ రెండోదే చెప్పారు.

లూలియో నుంచి వచ్చిన కన్సల్టెంటు కుర్రాడు
"ఇంత చాకిరీ ఎందుకు, మాయ్‌కెన్?
ఏది అడిగినా మొదటి పేజీకి తోసెయ్,
ఒక్క లైను చాలు" అన్నాడు.
ఈతకొలను ఎప్పుడు తెరుస్తారని అడిగిన మనిషిని
టౌన్‌హాలు మెట్ల మీద కూచోబెట్టి
నీ తిప్పలు నువ్వు పడమన్నట్టు.
నేనేమీ అనలేదు. కాఫీ పోశాను.
ఆరు వందల పదమూడు.

ఇదివరకే రెండుసార్లు సైటు మార్చాం.
పసిపిల్లల బడి పాతదాన్నుంచి నడిమిదానికి,
నడిమిదాన్నుంచి కొత్తదానికి,
ఎక్కే గుమ్మం దిగే గుమ్మం.
నడిమి గుమ్మం పీకేశాను.
మంగళవారం నేనే పప్పులో కాలేశాను.
గ్రంథాలయాన్ని సంస్కృతి విభాగానికి పంపి
సంస్కృతి విభాగాన్ని గ్రంథాలయానికి పంపాను.
పుస్తకం గడువు పొడిగించుకోబోయిన
హిల్డింగ్ గారి బ్రౌజరు
గానుగెద్దులా తిరిగి తిరిగి
ఇరవయ్యో చుట్టు దగ్గర కాడి దించేసింది.
ఫోను చేశాడాయన.
"ముప్పయ్యేళ్ళు గనిలో ఉన్నానమ్మా,
దారి తప్పడమంటే నాకు తెలుసు.
ఇది తప్పడం కూడా కాదు."

రాత్రిళ్ళు వాళ్ళొస్తారు,
సెర్చ్ ఇంజన్ల రోబోలు.
లాగ్‌లో అడుగుజాడలు
రెండూ పదిహేడుకి, రెండూ పద్దెనిమిదికి.
పాత తలుపు తడతాయి, చీటీ చదువుతాయి, వెళతాయి.
మర్నాడు మళ్ళీ అదే తలుపు.
ఒక్కమాటతో నమ్మే రకం కాదు.
వారాలు గడిచాక మాత్రం
పాత పేరుకున్న పరపతంతా
కొత్త పేరున రాసేస్తాయి, కంటతడి లేకుండా.

మా అత్త సీవ్ కొత్త ఫ్లాటుకొచ్చి నాలుగేళ్ళు.
ఇప్పటికీ టాక్సీ ఎక్కి
పాత వీధి పేరే చెబుతుంది.
ఆ డ్రైవరూ ఈ ఊరివాడే.
సరేనంటాడు,
మాట్లాడకుండా కొత్తింటి ముందు దింపుతాడు.
నా పట్టికలో ఇంత మర్యాదైన వరుస
ఒక్కటీ లేదు.

తొమ్మిది వందల నాలుగు, టాల్‌బాకెన్ వీధి,
మంచు తీసే రోజులు.
కుడి గడిలో ఏం రాయను?
ఆ వీధి ఎక్కడికీ వెళ్ళలేదు.
కంచె అవతల, గోతిలో ఉంది.
వదిలేస్తే సర్వరు తనంతట తనే
నాలుగు వందల నాలుగు అంటుంది, దొరకలేదని.
వెతికినవాడిలా మాట్లాడుతుంది, వెతక్కుండానే.
పక్క వీధికి మళ్ళిస్తే అబద్ధం,
అక్కడ మంచు తీసేది సోమవారం.

నాలుగు వందల పది వేశాను.
ఉండేది, ఇప్పుడు లేదు.
కింద, ఎవరూ అడగకపోయినా,
గురువారాల్లో తీసేవాళ్ళం అని ఒక ముక్క చేర్చాను.

రోబోలు మూడుసార్లొచ్చి మానేశాయి.
గురువారం పొద్దున ఆరింటికి
ఎవరో మనిషే తెరిచి
పదకొండు నిమిషాలున్నారు.
ఎవరో కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.
తొమ్మిది వందల ఐదు, కుక్కల నమోదు.
దీనికి కొత్త చిరునామా ఉంది.